బండి కుంగింది, ఎవరు దిగుతారు?

ప్రతి ఆదివారం పొద్దున పెద్దల్లుడు అత్తగారింటికి వచ్చేటప్పుడు చేతిలో ఒక టైలు ఉండేది. ఆయనది టైల్స్ దుకాణం కాబట్టి అందులో వింతేమీ లేదు. వచ్చినవాడు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళకుండా, ఆవరణలో ఉన్న చిన్నల్లుడి కారు పక్కన మోకాళ్ళ మీద కూలబడేవాడు.

"ఎక్కు తమ్ముడూ, స్టీరింగ్ ముందు కూర్చో. ఖాళీ బండిని కొలిస్తే ఏం తెలుస్తుంది? బండి తిరిగేది మనిషితో కదా" అనేవాడు.

చిన్నల్లుడు ఎక్కి కూర్చునేవాడు. పెద్దల్లుడు టైలును అంచు మీద నిలబెట్టి బండి పొట్ట కిందికి తోసేవాడు. అది సగం దూరి టక్కుమని తట్టుకునేది. తర్వాత ఆయన వీధిలోని తన కారెక్కి కూర్చుంటే చిన్నల్లుడు టైలు తోసేవాడు. టైలు ఈ పక్కనుంచి ఆ పక్కకి జారుకుంటూ పోయేది.

"నీ కంపెనీవాడు కాగితం మీద రాసిన ఎత్తు వేరు, నీకు అంటగట్టిన ఎత్తు వేరు."

"మా మోడల్‌కి సస్పెన్షన్ మెత్తన అన్నయ్యగారూ. నడుం నొప్పి రాకుండా."

"మెత్తన కాదయ్యా, నీరసం అంటారు దాన్ని."

తోడల్లుళ్ళిద్దరూ ఒకే నెలలో కార్లు కొన్నారు. రెండూ ఈ రోజుల్లో ఎక్కడ చూసినా కనబడే చిన్న ఎస్‌యూవీలే. పొడుగు తక్కువ, ఎత్తెక్కువ, మడమల చెప్పులు వేసుకున్న పొట్టి మనిషిలా ఉంటాయి. వెనకటికి ఎవరైనా కారు కొంటే జనం రంగేమిటని అడిగేవారు, ఒక రౌండు తిప్పమనేవారు, అంతటితో సరి. ఇప్పుడలా కాదు. మైలేజీ ఎంత, డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయి, వెనక ముగ్గురు కూర్చుంటే మధ్యవాడి మోకాళ్ళు ఎక్కడికి వస్తాయి, అన్నీ తేలాలి. చిన్నల్లుడి కారుకి పైన తెరుచుకునే అద్దం ఉంది. దాని మీద పెద్దల్లుడు చాలా మాటలన్నాడు. "ఆకాశం చూడాలంటే మేడ మీదికి వెళ్ళవయ్యా, ఊరికేగా!" అన్నది వాటిలో కొంచెం మర్యాదైనది. కొన్న కొత్తలో టైలు రెండు బండ్ల కిందా సుఖంగానే దూరింది. మూడో వారం నుంచే చిన్నల్లుడి బండి తట్టుకోవడం మొదలైంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళో కార్లు చెప్పని మాటల బరువుకి కుంగేవి. ఇది అందరికీ తెలిసిన విషయమే గనక ఎవరూ దాన్ని గురించి మాట్లాడుకునేవారు కాదు. భార్యకి సగం ధరే చెప్పి కొత్త గడియారం పెట్టుకున్నవాడి బండి వెంట్రుకవాసి దిగుతుంది. ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పకుండా రోజూ టైముకి బయల్దేరేవాడి బండి గేటు దాటేలోపే నేలకి గీసుకుంటుంది. ఒక డాక్టరుగారు రోగి చేతికి చెడ్డ రిపోర్టు ఇచ్చేదాకా నడిచే తిరిగేవారు. మెకానిక్ దగ్గరికి తీసుకెళితే కిందికి దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ, "స్ప్రింగులు బాగానే ఉన్నాయి సార్, ఇంట్లో కనుక్కోండి" అని పంపేసేవాడు.

దానికొక పద్ధతి కూడా ఏర్పడింది. స్పీడ్ బ్రేకర్ మీద బండి తట్టుకుంటే లోపలివాళ్ళు ఒక్కొక్కరే దిగాలి. ఎవరు దిగినప్పుడు బండి లేస్తే వాళ్ళు అవతలిదాకా నడిచి మళ్ళీ ఎక్కాలి. ఏమిటని మాత్రం ఎవరూ అడగకూడదు. ఎవరి కడుపులోది వాళ్ళది. ఆ మర్యాదే లేకపోతే బండ్లూ నడవవు, కాపురాలూ నడవవు.

పెద్దల్లుడికి ఇదంతా తెలియక కాదు. కాని తోడల్లుడు నాసిరకం బండి కొన్నాడనుకోవడంలో ఒక సుఖం ఉంది. ఆ సుఖంలో ఆయనకి మరో కారణం తోచలేదు.

అత్తగారిని వీధిలో అందరూ వ్యానమ్మ అనేవారు. ఒక జీవితకాలం బడి వ్యాన్ నడిపిన మనిషి. ఆవిడ వ్యాన్‌లో ముక్కు తుడిపించుకున్న పిల్లలు ఇప్పుడు తమ పిల్లల ముక్కులు తుడుస్తున్నారు. బడి వదిలేశాక ఒక పాత బుల్లి కారు కొనుక్కుంది. కూర్చుంటే రోడ్డు మీద కూర్చున్నట్టే ఉండేది. రోజూ పొద్దున అందులో వీధిలోని ముగ్గురిని పనుల దగ్గర దింపి వచ్చేది. ఒక నర్సు, ఒక బ్యాంకు క్యాషియరు, ఒక దర్జీ. అది ఆవిడకి ఉద్యోగం కాదు, ఊపిరి.

అలాంటి కారుకి ఒకరోజు పొద్దున ఎడమ తలుపు మీద చేటంత సొట్ట కనబడింది. గేటు స్తంభం మీద కారు రంగు అంటుకుని ఉంది. ముందురోజు సాయంత్రం వ్యానమ్మ వానలో ఇంటికి వచ్చింది. అందరూ ఆవిడ వైపే చూశారు.

"కొట్టినట్టు తెలియనేలేదే" అంది వ్యానమ్మ. కాసేపు స్తంభం చుట్టూ తిరిగి చూసి, "నేనే అయ్యుంటాను. ఇంకెవరు నడుపుతారు దీన్ని?" అంది.

నడిపింది చిన్నల్లుడు. ఆ ఇంటి పై వాటాలోనే వాళ్ళ కాపురం. ఆవరణలో రేకుల నీడ ఒక్క బండికే సరిపోతుంది. కొత్త కారు ఎండకి మాడిపోతోందని, ముందురోజు మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తున్నప్పుడు పాత కారును వీధిలోకి వెనక్కి తీయబోయి స్తంభానికి రుద్దేశాడు. భయమేసి మళ్ళీ నీడలోనే పెట్టేశాడు. లేచాక చెబుదామనుకున్నాడు, ఆవిడ లేచి సొట్ట చూడకుండానే బండెక్కి వెళ్ళిపోయింది. మర్నాడు అందరూ చుట్టూ నిలబడ్డప్పుడు చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. అంతలో ఆవిడే "నేనే అయ్యుంటాను" అనేసింది. ఆ నిమిషం దాటాక చెప్పడం కష్టమైంది. ఆ రోజు దాటాక మరీ కష్టమైంది.

పోనీ అతనిది ఇంకేదైనా వృత్తయినా బాగుండేది. అతనిది కళ్ళజోళ్ళ దుకాణం. పెద్ద కూతురు తల్లిని తీసుకుని అక్కడికే వచ్చింది. చిన్నల్లుడు అత్తగారి గడ్డం స్టాండు మీద పెట్టించి, దీపం వేసి, అక్షరాలు చదివించాడు. ఆవిడ అట్టడుగు వరస కూడా గడగడా చదివేసింది.

"కళ్ళు బాగున్నాయి వదినగారూ" అన్నాడు మెల్లగా.

"బాగుంటే మరి స్తంభం ఎందుకు కనబడలేదు?" అంది పెద్ద కూతురు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్దల్లుడు తేల్చేశాడు. "కళ్ళు పాడైతే జోడు మార్చుకుంటాం. కళ్ళు బాగుండి కొట్టినట్టే తెలియలేదంటే అది ఇంకా ప్రమాదం అత్తయ్యగారూ. మనకి రెండు బండ్లున్నాయి, ఎక్కడికి కావాలంటే అక్కడికి తిప్పుతాం. ఆ డబ్బా అమ్మేద్దాం."

వ్యానమ్మ తాళం చెవి తీసి బల్ల మీద పెట్టింది. మర్నాటి నుంచి వీధిలోని ముగ్గురూ బస్సుకి వెళ్ళసాగారు. పాత కార్లు అమ్మే దుకాణంవాళ్ళు మనిషిని పంపి బుల్లి కారును తీసుకుపోయారు. ఆవిడ వచ్చి సంతకం పెట్టడమే మిగిలింది.

ఆ సంతకం కోసం ఒక ఆదివారం అయిదుగురూ పెద్దల్లుడి కారులో బయల్దేరారు. ముందు పెద్దల్లుడు, పక్కన అతని భార్య. వెనక చెరొక కిటికీ దగ్గర వ్యానమ్మ, చిన్నల్లుడు, మధ్యలో చిన్న కూతురు.

"చూడు తమ్ముడూ, ముగ్గురు కూర్చున్నా మధ్యవాళ్ళ మోకాళ్ళు ఎక్కడున్నాయో!"

"నా చెవుల దగ్గరున్నాయి బావగారూ" అంది చిన్న కూతురు.

ఆసుపత్రి ముందు స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి కింద గర్రుమని చప్పుడైంది. ముందు చక్రాలు దాటాయి, పొట్ట ఆగిపోయింది. పెద్దల్లుడి మొహం మాడిపోయింది. అంతవరకు ఆయన బండి ఎప్పుడూ తట్టుకోలేదు. వెనక ఎవరో హారన్ కొట్టి, సంగతి అర్థమై, మర్యాదగా ఆపేశారు.

ముగ్గురి చూపులూ వ్యానమ్మ వైపే వెళ్ళాయి. చిన్నల్లుడు మాత్రం కిటికీలోంచి ఆసుపత్రి బోర్డు చదువుతున్నాడు.

"నేనే దిగుతాలే" అని వ్యానమ్మ తలుపు తీసుకుని దిగింది. బండి వేలెడు లేచింది.

"ఇంకా ఎక్కడ కొట్టిందో ఏమో" అని పెద్ద కూతురు గొణిగింది. పెద్దల్లుడు గేరు వేశాడు. మళ్ళీ గర్రుమంది. వేలెడు చాలలేదు.

పెద్ద కూతురు దిగి చూసింది. కదల్లేదు. చిన్న కూతురు తల్లి దిగిన వైపునుంచే దిగింది. కదల్లేదు. ఆమె కారు చుట్టూ తిరిగి వచ్చి మొగుడి వైపు తలుపు తీసి పట్టుకుంది. "మీరూ ఓసారి దిగండి" అంది, మొహంలోకి చూడకుండా.

చిన్నల్లుడు దిగాడు. బండి దున్న లేచినట్టు లేచింది.

ఎవరూ ఏమీ అడగలేదు. కూతుళ్ళిద్దరూ ఎక్కేశారు, పెద్దల్లుడు స్పీడ్ బ్రేకర్ దాటించి అవతల చెట్టు కింద ఆపాడు. చిన్నల్లుడు నాలుగడుగులు నడిచి ఎక్కితే సరిపోయేది. సంతకం అయిపోయేది, కారు అమ్ముడుపోయేది, అతని కడుపులో ఏముందో ఎప్పటికీ ఎవరూ అడిగేవారు కాదు. ఆ పద్ధతి ఉన్నదే అందుకు.

కాని పక్కన అత్తగారు నడుస్తోంది.

"నీకూ ఏదో ఉన్నట్టుందే బాబూ" అంది. "పోనీలే, అడగనులే. నాది మాత్రం చెప్పేస్తాను. వేలెడంతేగా, నీకు చెబితే పోతుంది."

"చెప్పండి అత్తయ్యా."

"స్తంభం గురించి కాదు. అది పోతే పోయింది. అన్నేళ్ళు పిల్లల్ని తిప్పానా? అప్పుడు కూడా నాకు ఇలాగే తెలియకుండా ఏమైనా జరిగిందేమోనని. నేను చూసుకోకుండా ఏ పిల్లాడి వేలయినా తలుపులో పెట్టేశానేమో, వాడు చెప్పలేదేమో. పడుకుంటే ఒక్కొక్క మొహం గుర్తుకొస్తోంది. లెక్క సరిచూసుకుంటున్నాను."

చిన్నల్లుడు ఆగిపోయాడు. కారులోంచి పెద్దల్లుడు హారన్ కొట్టాడు.

"స్తంభానికి కొట్టింది నేను అత్తయ్యా."

వ్యానమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ముందుకి పోతూనా, రివర్సులోనా?"

"రివర్సులో."

"స్టీరింగ్ ఎటు తిప్పావు?"

"కుడికి... కాదు, ఎడమకి. కంగారులో మళ్ళీ కుడికి."

"మళ్ళీ కుడికి ఎందుకు తిప్పుతావయ్యా, మూతి వెళ్ళి ఎక్కడ తగులుతుందనుకున్నావు?" అంది. అప్పటికి ఆవిడ గొంతు మారింది. వ్యాన్‌లో వెనక సీటు మీద నిలబడ్డ పిల్లాణ్ణి కూర్చోబెట్టే గొంతు అది. "నీడ కోసమా?"

అతను తలూపాడు.

"లేపి అడిగితే నేనే తీసిపెట్టేదాన్ని కదా!"

కళ్ళు తుడుచుకుందో, చెమట తుడుచుకుందో తెలియలేదు. కారు వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "వాళ్ళకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా? చెప్పకుండా మాత్రం నేను మొయ్యలేను. నా కారు అసలే పొట్టిది."

అతనే చెప్పాడు, కారు కిటికీలోకి వంగి, ఒకే ఊపిరిలో. భార్య అతని వైపు చూడలేదు. పెద్ద కూతురు తల్లి వైపు చూడలేకపోయింది. పెద్దల్లుడు చాలాసేపు స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేసి, చివరికి, "అయితే నీ కంపెనీవాడు అబద్ధం చెప్పలేదన్నమాట" అన్నాడు, కొంచెం దిగులుగా.

దుకాణంలో వ్యానమ్మ సంతకం పెట్టలేదు. గోడకి వరసగా వేలాడుతున్న తాళాల్లోంచి తనది తనే తీసుకుంది. బుల్లి కారులో చిన్నల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఇంటికి వచ్చింది. దారి పొడుగునా అద్దాలు ఎలా చూడాలో చెబుతూనే ఉంది, అతను వింటూనే ఉన్నాడు. ఆసుపత్రి ముందు స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆవిడ బ్రేకు మీద కాలు పెట్టి కాస్త నెమ్మదించింది, అంతే.

మర్నాడు పొద్దున నర్సు, క్యాషియరు, దర్జీ గేటు బయట నిలబడ్డారు. రేకుల నీడలోంచి కారు వెనక్కి వచ్చింది. స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఆగింది. వ్యానమ్మ తల బయటికి పెట్టి స్తంభాన్ని చూసింది, తలుపును చూసింది. మేడ మీద చిన్నల్లుడు పళ్ళు తోముకోవడం ఆపేశాడు. స్తంభానికీ సొట్టకీ మధ్య జానెడు సందుంది. ఎప్పుడూ అంతే ఉండేది. ఆవిడ తల లోపలికి తీసుకుని, ఇక స్తంభం వైపు చూడకుండా, వీధిలోకి వచ్చేసింది.

ముగ్గురూ ఎక్కి తలుపులు వేసుకోకముందే మాటలు మొదలుపెట్టారు. ఇన్నాళ్ళు బస్సులో ఎవరితోనూ చెప్పుకోలేనివన్నీ ఉన్నాయి మరి. అంత పొట్టి కారు, నలుగురు మనుషులతో, వీధి చివరి గతుకుల మీదుగా ఎక్కడా నేలకి తగలకుండా వెళ్ళిపోయింది.