ఏడు పాయింట్ తొమ్మిది రెండు

గిన్నెలు తోమే పీచుతోనే నేను నది కొలబద్దను కూడా తోముతాను. వంతెనకు గట్టువైపున ఉన్న స్తంభానికి అడుగు నుంచి పై దాకా తెల్లని ఇనుప పలకలు బిగించి ఉంటాయి. వాటి మీది నల్లని అంకెలకు వారం తిరగకుండానే నాచు పడుతుంది. బట్టలు మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, గట్టు మెట్ల మీద నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని రెండవ చేత్తో రుద్దాలి. ఈ పనికి ప్రభుత్వం నియమించిన వ్యక్తి నా భర్త. కొలబద్దను గేజి అంటారు కనుక, ఊరంతా ఆయనను గేజీగారంటారు. పదకొండు సంవత్సరాలలో ఆయన ఆ మెట్లు దిగింది, నాకు గుర్తున్నంతవరకు, రెండుసార్లు: ఉద్యోగంలో చేరిన రోజు, పత్రికవారు ఫొటో తీసిన రోజు.

పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి నీటిమట్టం చూడాలి. మా ఇల్లు వంతెనకు దగ్గరే కనుక, పొయ్యి మీద పాలు పెట్టి, మంట తగ్గించి వెళ్ళి, అవి పొంగేలోగా తిరిగి రావడం నాకు అలవాటు. నీరు ఒకచోట నిలవదు. అల ఎక్కడిదాకా ఎగసిందో, ఎక్కడిదాకా దిగిందో పది శ్వాసలపాటు గమనించి నడిమి అంకె తీసుకోవాలి. ప్రతి పలక మీదా ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒకే తీరు అంకెలుంటాయి కాబట్టి, అది ఎన్నో మీటరు పలకో ఎప్పుడూ మనసులో ఉండాలి. ఇవన్నీ రిజిస్టరు అట్ట లోపల అంటించిన సూచనల కాగితంలో ఉన్నాయి. మా ఇంట్లో ఆ కాగితాన్ని చదివినదాన్ని నేనొక్కదాన్నే. నేను గడపలో నిలబడి అంకె చెబుతాను. ఆయన మంచం మీది నుంచే కలం అందుకుని రాస్తారు, ఆఫీసుకు ఫోన్ చేస్తారు, కింద సంతకం పెడతారు. "నదికి కాపలా నా కొడుకు, నా కొడుక్కి కాపలా నువ్వు. సుఖమైన ఉద్యోగమే తల్లీ నీది!" అని అత్తయ్య పొరుగువారి ముందు నవ్విస్తుండేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ముఖం మాడ్చుకుందంటారు.

దారిలో, పల్లపు వీధి మొదటి ఇంట్లో ఒక దర్జీ అక్క ఉండేది. నేను మెట్లెక్కి వస్తూంటే కుట్టుమిషను ఆపి, "ఏమంటోందే నీ సవతి?" అని అడిగేది. నది సంగతే. "కాస్త ఒళ్ళు చేసిందక్కా," అనో, "చిక్కిపోయింది పాపం," అనో నేను జవాబిచ్చేదాన్ని. నేను చూసినదానిని నన్నే అడిగి తెలుసుకోవాలనుకున్న మనిషి ఆమె ఒక్కతే. చూసిన అంకెను అక్కడికక్కడే రాసుకునే నా చిత్తు పుస్తకం వానలో తడిసిపోతోందని, పాత గొడుగు గుడ్డతో ఒక సంచి కుట్టి ఇచ్చింది.

ఎనిమిది మీటర్ల దగ్గర ఎర్ర గీత ఉంది. నీరు దానిని దాటిందని కబురు అందితే ఆఫీసువారు మైకు బండి పంపి పల్లపు వీధిని ఖాళీ చేయిస్తారు. అప్పటి నుంచి కొలత చూసే మనిషి గంటగంటకూ చూస్తూ, నీరు తీసేదాకా స్తంభం దగ్గరే కాచుకుని ఉండాలి.

ఆ రోజు పొద్దున వాన లేదు. పైన ఎక్కడో కురిసిన నీరు మట్టి రంగులో, పెద్దగా చప్పుడు కూడా చేయకుండా వచ్చింది. ఎర్ర గీత కనబడలేదు. పది శ్వాసలు చాలక ఇరవై లెక్కపెట్టాను. పరుగున వచ్చి గడపలోనే చెప్పాను: "ఎనిమిది పాయింట్ ఒకటి నాలుగు."

"వాన చుక్క లేదు, ఎనిమిదేమిటి? నీవి కళ్ళా, భూతద్దాలా?" అన్నారాయన.

"రెండుసార్లు చూశానండీ. కావాలంటే మీరే వచ్చి చూడండి."

"సర్లే, ఫోన్లో చెబుతాలే. ముందు ఆ పాల సంగతి చూడు, పొంగుతున్నాయి."

నేను పాల సంగతి చూడడానికి వెళ్ళాను.

పాలు దించి, మనసొప్పక మళ్ళీ నది వైపు నడుస్తూంటే దర్జీ అక్క వాకిట్లో నిలబడి ఉంది. "ఏమంటోందే? సామాను సర్దుకోమంటావా?" అని అడిగింది. ఈసారి ఆ గొంతులో పరిహాసం లేదు. "ఆయన ఆఫీసుకు ఫోన్ చేశారక్కా. మైకు బండి వస్తుంది, అప్పుడు కదులుదువుగాని," అన్నాను. ఆమె తలూపి లోపలికి వెళ్ళింది. నా వెనుక మిషను చప్పుడు మళ్ళీ మొదలయింది.

మైకు బండి రాలేదు. పొద్దున ఎనిమిదిన్నర గంటలకు, నేను అత్తయ్య మోకాళ్ళకు తైలం రాస్తూండగా, కరకట్ట తెగింది. పల్లపు వీధిలో నలుగురు పోయారు. దర్జీ అక్క మూడవ రోజున వంతెనకు చాలా దూరంలో, కంచెకు చిక్కుకుని దొరికింది. కొలతల టేపు ఇంకా మెడ చుట్టూనే ఉంది.

అక్క దొరికిన ఆ సాయంత్రం నేను రిజిస్టరు తెరిచాను. కట్ట తెగిన రోజు పొద్దున ఆరు గంటల గడిలో, ఆయన అందమైన దస్తూరీలో, ఏడు పాయింట్ తొమ్మిది రెండు.

"ఇదేమిటండీ?"

"అరవకు. ఎనిమిది రాస్తే గంటగంటకీ అక్కడికి పరిగెత్తాల్సింది ఎవరు? నువ్వే కదా! ఇక్కడ అమ్మను ఎవరు చూస్తారు, వంట ఎవరు చేస్తారు? నీ కోసమే రాశానే. మధ్యాహ్నానికి నీరు తీసేస్తుందనుకున్నా."

నా కోసమట. ఆ మాటను నేను చాలా రోజులు లోలోపల తిప్పి తిప్పి చూసుకున్నాను. జ్వరంతో వణుకుతూ మెట్లు దిగిన నాడు ఆయనకు నా కాళ్ళు గుర్తుకు రాలేదు. ఏడవ నెల కడుపుతో పాకుడు మెట్ల మీద జారిపడి, కడుపులోని బిడ్డను పోగొట్టుకున్న నాడు, "చూసుకుని నడవాలి కదా," అన్నారు. మధ్యాహ్నపు అంకె ఎంత అని కూడా అడిగారు. పదకొండు సంవత్సరాలలో నా చాకిరీని చాకిరీగా ఆయన గుర్తించినది ఆ ఒక్క ఉదయమే; ఆ గుర్తింపుకు నలుగురు మనుషులు బలయ్యారు. అంతకన్నా నన్ను కాల్చినది మరొకటుంది. అబద్ధం రాసింది ఆయనే కావచ్చు, కానీ దానిని దర్జీ అక్క వాకిట్లోకి మోసుకెళ్ళింది మాత్రం నా నోరే.

విచారణకు ఇంజనీరుగారు వస్తున్నారని తెలిసిన రోజు, భోజనాల దగ్గర ఆయన నాకు పాఠం చెప్పారు. "నాకు ఆ రోజు జ్వరం. నువ్వొక్క రోజే వెళ్ళావు, తెలియక పొరబడ్డావు. ఆడదానివి, నిన్నెవరూ ఏమీ అనరు. నన్నయితే ఉద్యోగంలోంచి పీకేస్తారు, కేసు కూడా పెడతారు."

"ఇంటి పరువు అమ్మాయ్," అంది అత్తయ్య. "నీకంటూ వేరే పరువేముంది పోవడానికి?"

నేను ఇద్దరికీ మంచినీళ్ళు పోశాను.

ఇంజనీరుగారు పెద్దవయసు మనిషి. మెట్ల మీద నిలబడి రిజిస్టరు తిరగేశారు. "ఇందులో ఏడు పాయింట్ తొమ్మిది రెండు అని ఉంది. కట్ట మీద నీటి మరకలు అలా చెప్పడం లేదు. ఆ పొద్దున చూసిందెవరు?"

"మా ఆవిడండీ. నాకు ఒళ్ళు తెలియని జ్వరం. పాపం, తనకు కొత్త," అన్నారాయన.

కొత్త. కిందటి రోజే తోమిన అంకెలు ఎండలో మెరుస్తున్నాయి.

"సరే. వరదకు పలకలు కదిలాయేమో కూడా చూడాలి. గేజీగారూ, ఇప్పుడెంత ఉందో చెప్పండి."

ఆయన వంగి చూశారు. "రెండు... రెండు మీద కొంచెం..."

"ఎన్నో మీటరు పలకండీ అది?"

ఆయన వెనక్కి తిరిగి నా వైపు చూశారు. మంచం మీది నుంచి కలం మూత తీసి చూసే చూపే అది. "ఎంతే?" అన్నారు, పెదవులు మాత్రమే కదిలిస్తూ.

అంకె నా నోట్లో సిద్ధంగా ఉంది. వారు మాట్లాడుకుంటూండగానే పది శ్వాసలూ లెక్కపెట్టుకున్నాను. పదకొండు సంవత్సరాలుగా అడగకముందే అందించినదానిని, ఆయన అడిగినా ఇవ్వలేదు.

ఇంజనీరుగారు ఆయనను చూశారు, నన్ను చూశారు, రిజిస్టరు మూశారు. "మీరు చెప్పండమ్మా."

గట్టు మీది నుంచి అత్తయ్య, "అమ్మాయ్!" అని గట్టిగా కేక వేసింది.

గొడుగు గుడ్డ సంచిలోంచి చిత్తు పుస్తకం తీసి ఇంజనీరుగారి చేతికిచ్చాను. పుట వెతకనక్కరలేకుండానే చెప్పాను.

"ఇప్పుడు నాలుగు పాయింట్ రెండు ఆరు. ఆ రోజు పొద్దున ఆరింటికి ఎనిమిది పాయింట్ ఒకటి నాలుగు. చూసింది నేను, ఏడు అని రాసింది ఆయన. మైకు బండి వస్తుంది, అందాకా ఆగమని దర్జీ అక్కకు చెప్పింది నేను. అది కూడా రాసుకోండి."