ఖమ్‌ఫాంగ్ తల్లి ముఖం

నా పేరు ఉథాయ్. చరిత్రలోని వీరవనితలకు కంచు విగ్రహాలు పోయడంలో ఈశాన్య థాయిలాండ్ మొత్తంలో నన్ను మించినవాడు లేడని పత్రికలు రాశాయి. అందులో సగం నేను చెప్పి రాయించిందే. ఏడు ఊళ్ళ కూడళ్ళలో నా వీరవనితలు కత్తులు పట్టుకుని నిలబడి ఉన్నారు. నాతో కాపురం చేసిన ఒకే ఒక్క ఆడమనిషి మాత్రం పన్నెండేళ్ళు ఓర్చుకుని వెళ్ళిపోయింది.

ఎనిమిదో విగ్రహం మా సొంత ఊరికే చేయాల్సి వచ్చింది. ఖమ్‌ఫాంగ్ అని, వెనకటికెప్పుడో నది దాటించే పడవ మనిషి. శత్రు సైనికులను ఎక్కించుకుని నడి నదికి తీసుకెళ్ళి, పడవకు తానే చిల్లు పెట్టి, వాళ్ళతోపాటు మునిగిపోయింది. ఆమె ఎలా ఉండేదో ఎవరికీ తెలీదు. ఇలాంటి చోట మా వృత్తిలో ఒక తేలిక దారి ఉంది. ఆ తల్లే కలలో కనిపించిందని చెప్పేయడం. ఆ మాటన్నాక ఇక ఎవరూ ప్రశ్న వేయరు, చేతులు జోడిస్తారు. నేనూ టీవీ వాళ్ళ ముందు కళ్ళు మూసుకుని, వరసగా మూడు పౌర్ణములు కలలోకి వచ్చిందని చెప్పాను. నిజానికి పడుకుంటే నాకు ఒళ్ళు తెలీదు, కలలెక్కడివి? మట్టి ముద్ద ముందు కూర్చుంటే వేళ్ళ కింద ముఖం దానంతటదే వచ్చింది. అబ్బ, ఏం చెయ్యిరా నీది అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆవిష్కరణ రోజు మునిసిపల్ చైర్మన్ తాడు లాగాడు, గుడ్డ జారింది, బ్యాండు మోగింది. ముందు వరసలో నిలబడ్డ చేపలమ్మే ఆవిడ విగ్రహాన్ని చూసి, వెనక్కి తిరిగి రోడ్డవతల కాల్చిన అరటిపళ్ళ బండి వైపు చూసి, మళ్ళీ విగ్రహాన్ని చూసింది.

“ఇది మన లమ్‌దువన్ కదూ?” అంది.

లమ్‌దువన్ నా మాజీ భార్య, ఆ అరటిపళ్ళ బండి ఆమెదే. జనమంతా ఒకేసారి బండి వైపు తిరిగారు. నేనూ తిరిగాను. పడుచుదనంలో ఉన్న లమ్‌దువన్ అచ్చుగుద్దినట్టు పీఠం మీద ఉంది. ముందే తెలుసా అంటే ఒట్టు, తెలీదు. నాలుగు నెలలపాటు తన వేళ్ళు ఎవరి ముఖం చేస్తున్నాయో కనుక్కోలేని మహాశిల్పిని మీరు నాలోనే చూడాలి.

ఆ వారంలోనే మొదలైంది. విగ్రహానికి దండలేసినవాళ్ళు పోతూ పోతూ బండికీ ఒక దండం పెట్టేవాళ్ళు. పరీక్షలకెళ్ళే పిల్లలు ఆమె బొగ్గుల కుంపటిని తాకి కళ్ళకద్దుకునేవాళ్ళు. మా దగ్గర బతికున్న మనిషి రూపానికి అగరొత్తులు వెలిగిస్తే ఆయుష్షు తరిగిపోతుందంటారు. లమ్‌దువన్‌కి నిద్ర పట్టడం మానేసింది. మునిసిపల్ ఆఫీసుకెళ్ళి, ఆ ముఖం మార్చండి, లేదా ఆ పీఠం కిందే కూర్చుని ప్రాణం వదిలేస్తాను, అప్పుడు మీ అగరొత్తులకి అడ్డుండదు అని చెప్పేసి వచ్చిందట.

నేను ఊరుకుంటానా? కళ అన్నాను, చరిత్ర అన్నాను, ఒకసారి పోసిన కంచుని ముట్టుకోకూడదన్నాను. రెండు రోజులు చైర్మన్ తల తిన్నాను. మూడో రోజు లమ్‌దువన్ కబురంపింది. చచ్చేది నేనైతే బాధ ఆయనకా అని. ముఖం నేనే మారుస్తానని ఒప్పుకున్నాను.

పూజలందుకున్న విగ్రహం మీద ఉలి పెట్టాలంటే ముందు క్షమాపణ వేడుకోవాలి. ఊరందరి ఎదుటా మోకరిల్లి, పేరు చెప్పి, చేసిన తప్పు గట్టిగా చెప్పాలి. నేను ఎప్పుడూ చెప్పే మాటలే బట్టీపట్టి వెళ్ళాను. మనసా వాచా కర్మణా తెలిసీ తెలియక చేసిన అపరాధాలు అంటూ గడగడా మొదలుపెట్టాను. పూజారి ఆపాడు.

“ఏ తప్పో చెప్పండి, ఆచార్యా. ఊరికే తప్పు తప్పు అంటే తల్లికేం తెలుస్తుంది?”

తలెత్తాను. ఆ ముఖం నన్నే చూస్తోంది. ఇవాళ్టికి వెళ్ళొద్దని లమ్‌దువన్ గుమ్మంలో నిలబడి అడిగిన పొద్దున ఉన్న ముఖం అది.

“మీ అమ్మ పోయిన రోజు నేను రాలేదు,” అన్నాను. “విగ్రహం పోతకి ముహూర్తం ఉందన్నాను. ఏడు రాత్రులు భిక్షువులొచ్చి సూత్రాలు చదివారు, ఒక్క రాత్రీ రాలేదు. పూలచక్రం పంపించాను. దానిమీద మీ అమ్మ పేరుకన్నా నా పేరే పెద్దక్షరాలతో రాయించాను.”

ఖమ్‌ఫాంగ్ తల్లి వాళ్ళమ్మకి ఈయన పూలచక్రం ఎప్పుడు పంపాడో పూజారికి అర్థం కాలేదు, పాపం. ఊళ్ళో మిగతా అందరికీ అర్థమైంది.

“ఏమయ్యా,” అని వెనకనుంచి వినిపించింది. “ఆవిడకి చెప్పావు, బానే ఉంది. నేనిక్కడున్నాను.”

మోకాళ్ళ మీదే తిరిగాను. యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు, కలుక్కుమన్నాయి. లమ్‌దువన్ చేతిలో పట్టకారుతో నిలబడి ఉంది. జుట్టు నెరిసింది, పొగకి కళ్ళు ఎర్రబడ్డాయి. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

“తప్పు చేశాను, దువన్,” అన్నాను చివరికి. దానికి ముందూ వెనకా తగిలించడానికి ఇంకే మాటా దొరకలేదు.

ఆమె పట్టకారుతో విగ్రహం వైపు చూపించింది.

“క్షమించానని ఇంతమందిలో చెప్పి నీకింకో పేరు తెచ్చిపెట్టను,” అంది. “విన్నాను. ఇక ఎక్కు.”

విగ్రహం చుట్టూ కర్రలతో కట్టిన సారువ ఎక్కాను. ముక్కుతో మొదలుపెట్టి, చెంప ఎముకలు దించి, గడ్డం పలకగా అరగదీశాను. మధ్యలో కిందికి చూస్తే జనం ఎప్పుడో వెళ్ళిపోయారు. ఆమె ఒక ముక్కాలిపీట తెచ్చుకుని కూర్చుంది. బండి దగ్గర కొనేవాళ్ళు పిలుస్తున్నా లేవలేదు, పోలిక పూర్తిగా పోయేదాకా అక్కడే ఉంది. నా పని ఆమె మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూడటం అదే మొదటిసారి.