బేస్తవారం సముద్రం

దూది ఎగురుతోంది.

దూది ఏకే మిషను ఆగి చాలాసేపైంది. అయినా దూది ఎగురుతూనే ఉంది. కొట్టు గడప మీద, పాత పరుపుల మీద, మాబాషా గడ్డం మీద, ఆయన కూతురు నాజ్నీన్ కనురెప్పల మీద. నంద్యాల ఎండకు గాలి కూడా కదలడానికి బద్ధకిస్తుంది. దూది మాత్రం ఎవరి మాటా వినదు.

నాజ్నీన్ కొడుకు జావేద్ ఆ దూదిలో చేతులు ఆడిస్తూ అడిగాడు, సముద్రం నురగ ఇట్లాగే ఉంటుందా అని.

ఎవరికి తెలుసు... ఆ ఇంట్లో సముద్రం చూసినవాళ్లు లేరు.

వాళ్లు చూసిన పెద్ద నీళ్లు వెలుగోడు రిజర్వాయరు. దానికి ఈ పక్క కట్ట, ఆ పక్క కొండలు. అందుకే జావేద్‌కు ఇంకో అనుమానం కూడా ఉంది. సముద్రానికి ఆ పక్క కట్ట ఎవరు కట్టారు?

సముద్రం మాట మొదట తెచ్చింది వాడి అక్క ఆర్షియా. వేసవి సెలవులు. పక్కింటి పిల్లలు బాపట్ల వెళ్లొచ్చి గవ్వలు చూపించారు. ఆర్షియా ఆ గవ్వల్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. ఇంటికి వచ్చి, మనం ఎప్పుడు పోతాం, అని అడిగింది. మనం అంటే అందరం అంది.

అందరం అంటే నాయన కూడా.

ఆ ఒక్క మాట దగ్గరే చిక్కు.

నాజ్నీన్ ఆళ్లగడ్డ వదిలి పుట్టింటికి వచ్చింది పోయిన వానాకాలంలో. పెద్ద గొడవేమీ జరగలేదు. ఖలీల్ తాగడు. చెయ్యెత్తడు. గట్టిగా కసరడు కూడా. అడిగినవాళ్లకు చెప్పుకోవడానికి సరైన కారణమే లేదు ఆమె దగ్గర. మంచి మొగుణ్ణి వదిలి రావడం ఎంత కష్టమో వచ్చినవాళ్లకే తెలుస్తుంది.

ఖలీల్ ఆళ్లగడ్డలో పుల్లయ్య ఆచారి దగ్గర రాయి చెక్కుతాడు. విగ్రహాల ముఖాలు చెక్కేవాళ్లు వేరే ఉన్నారు. ఇతనివి గుళ్లలో నిలబెట్టే కంబాలు, పీఠాలు, వాటి చుట్టూ పాకే తీగలు. రాయి ముందు కూర్చుంటే ఆకలి తెలియదు. పొద్దు తెలియదు. ఇల్లు తెలియదు.

జావేద్‌కు విషజ్వరం వచ్చి నంద్యాల ఆసుపత్రిలో పడుకున్నప్పుడు, ఖలీల్ కంబాలన్నీ లారీకి ఎక్కించాకే వచ్చాడు. వచ్చేసరికి పిల్లవాడు లేచి కూర్చుని బన్ను తింటున్నాడు.

"బాగనే ఉండాడే," అన్నాడు ఖలీల్, సంతోషంగా. నిజంగా సంతోషంగానే.

ఆ సంతోషాన్ని ఆమె క్షమించలేకపోయింది. అంతకు ముందు రాత్రుళ్లు ఎట్లా గడిచాయో ఆ ముఖానికి తెలియదు. ఎప్పటికీ తెలియదు. ఆసుపత్రి నుంచి ఆమె తిన్నగా తండ్రి కొట్టుకు వచ్చేసింది. పరుపులు కుట్టడం మొదలుపెట్టింది. దూది మెత్తనిది... మాట వినకపోయినా మెత్తనిది.

అప్పటి నుంచి మొగుడూ పెళ్లాల మధ్య మాటలన్నీ ఆర్షియా మీదుగానే. సాయంత్రం ఫోను వస్తుంది. నాయన ఏమన్నాడో కూతురు అమ్మకు చెబుతుంది. అమ్మ గోడను చూసి జవాబిస్తుంది. కూతురు దాన్ని ఫోనులోకి చేరవేస్తుంది. కొంచెం ఉప్పూకారం తగ్గించే చేరవేస్తుంది. ఆ వయసుకే ఎంత నేర్పు... చూస్తే ముచ్చట. ఆలోచిస్తే బాధ.

సముద్రానికి ఎప్పుడు పోదాం అన్న ప్రశ్న కూడా అట్లాగే ఆళ్లగడ్డకు వెళ్లింది. అట్లాగే జవాబు వచ్చింది.

"అమావాస్యకు అంటాండాడు నాయన."

నాజ్నీన్‌కు నవ్వొచ్చింది. ఇంకే రోజు చెబుతాడు?

రాతిపని చేసే చోట ఆదివారం సెలవు కాదు. అమావాస్య సెలవు. ఆ రోజు ఉలి రాయిని తాకదు. పనిముట్లు కడిగి, బొట్టు పెట్టి, పక్కన పెట్టేస్తారు. ఆచారులకు తాతల నాటి నుంచి అంతే. వాళ్లతో పాటు పనిచేసే ఖలీల్‌కూ అంతే.

లోకమంతా నెలవంక కోసం మిద్దెలెక్కి చూస్తుంది. ఈమె మాత్రం చంద్రుడు పూర్తిగా పోయే రోజు కోసం కాచుకుంది, కాపురం చేసినన్నాళ్లూ. సినిమాకు అమావాస్య. పిల్లల బట్టలకు అమావాస్య. పంటినొప్పి వచ్చినా సరే... అమావాస్య దాకా ఓర్చుకోవాలి. ఇంకా పెద్ద వేళాకోళం ఏమిటంటే, రంజాన్ పండగ ఎప్పుడూ అమావాస్య అయిపోయిన వెంటనే వస్తుంది. నిన్నమొన్ననే సెలవు తీసుకున్నాను గదా అని, పొద్దున నమాజు చదివి, సేమియా తాగి, మధ్యాహ్నానికి పనిలోకి వెళ్లిపోయేవాడు ఖలీల్.

పుల్లయ్య ఆచారి ఏనాడూ సెలవు ఇవ్వనని అనలేదు.

ఖలీల్ ఏనాడూ అడగలేదు.

అయినా సరే, అమావాస్యే ఖాయమైంది. ఇంట్లో ప్రయాణం మొదలైంది, ఎవరూ కాలు బయట పెట్టకుండానే. పొద్దున రైలు. గాజులపల్లె దాటితే అడవి. బోగదా సొరంగంలో చీకటి. గుంటూరులో దిగి బాపట్ల బండి. సాయంత్రానికి సముద్రం... ఆర్షియా ఈ దారిని పాఠంలా అప్పజెప్పేది. జావేద్ పంక్చరు షాపు నుంచి లారీ ట్యూబు ఒకటి సంపాదించాడు. మాబాషా, దర్గా గంధం ఉత్సవానికి వెళ్లినట్టే లెక్కేసి చాప, దుప్పటి, కిరోసిన్ స్టవ్వు, చెనిక్కాయల పొడి, అన్నం వండే గిన్నె దగ్గర పెట్టాడు. ఇసుక మీద స్టవ్వు నిలుస్తుందా అని అడిగితే, ఇటుకలు కూడా తీసుకుపొమ్మన్నాడు.

నాజ్నీన్ తన పాత ఓణీతో జావేద్‌కు చొక్కా కుట్టింది. కుడుతూ కుడుతూ పాట ఏదో గొణిగింది. గొణిగినట్టు తెలిసి ఆపేసింది. తన మీద తనకే కోపం వచ్చింది. ఇంత తొందరగా సంతోషపడకూడదు. పడిందంటే మళ్లీ ఆ ఆళ్లగడ్డ ఇల్లు, ఆ కాచుకోవడం, ఆ చంద్రుడు లేని పండగలు. జూన్‌లో బడి తెరుస్తారు. పిల్లల్ని నంద్యాలలో వేయాలా, ఆళ్లగడ్డలో వేయాలా... ఆ లోపు తేల్చుకోవాలి.

అప్పుడు బాపట్ల నుంచి మస్తాన్‌బీ ఫోను చేసింది. ఆమె నాజ్నీన్‌కు చిన్నమ్మ, పెళ్లయి అటు వెళ్లిన మనిషి. వస్తున్నారని విని సంతోషించింది. ఏ రోజో విని ఆగిపోయింది. అమావాస్యకు పోటు ఎక్కువట. అలలు ఒకటి మీద ఒకటి ఎక్కి వస్తాయట. పిల్లలతో అసలు దిగకూడదట. మీ రాయలసీమ వాళ్లకు తప్ప ఈ ఆలోచన ఇంకెవరికీ రాదు అని నవ్వింది కూడా.

కొట్టులో ఎవరూ నవ్వలేదు.

అందరూ కలిసి పోగలిగే రోజు ఒక్కటే. ఆ ఒక్క రోజే సముద్రం వద్దంటోంది.

జావేద్ ట్యూబులో గాలి తీసేశాడు. ఆర్షియా చాలాసేపు ఆలోచించి, నీళ్లు తాకకుండా దూరంగా కూర్చుని చూసి వద్దాం అంది. అడగడానికి కూడా భయపడే గొంతుతో అంది. ఆ గొంతు నాజ్నీన్‌కు బాగా తెలుసు. అది తన గొంతే. ఉన్నదాంతో సర్దుకునే గొంతు. అది కూతురికి ఎప్పుడు అంటుకుందో ఆమె చూడలేదు.

సాయంత్రం ఫోను మోగింది. ఆర్షియా చెయ్యి చాచేలోపు నాజ్నీన్ తీసుకుంది.

అవతల ఖలీల్ ఊపిరి వినిపించింది. ఎవరు ఎత్తారో అతనికి అర్థమైనట్టే ఉంది.

"అమావాస్య వద్దు," అంది ఆమె. "ఆ దినం నీళ్లు మంచివి కాదంట."

"అట్లనా... అయితే వచ్చే అమావాస్యకు పోదాంలే."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు ఆమెకు. రాయి లోపల తీగను చూడగలిగిన మనిషికి ఇది కనబడదు.

"అన్ని అమావాస్యలూ అంతేనప్పా," అంది. "నీకు పనుండే దినం చెప్పు. ఆ దినం పోదాం."

"పనుండే దినమా?"

"ఆఁ."

అవతల వారాలు లెక్కపెట్టుకుంటున్న గొణుగుడు వినిపించింది.

"బేస్తవారం పెద్ద కంబం లేపల్ల మేము," అన్నాడు చివరికి, జాగ్రత్తగా.

"అయితే బేస్తవారమే."

ఫోను పెట్టేసింది.

ఇది సముద్రం మాట కాదని ఆమెకు తెలుసు. అతను రాకపోతే పిల్లల్ని తనే తీసుకెళ్తుంది. వచ్చాక ఇక్కడి బడిలోనే వేస్తుంది. ఆళ్లగడ్డ మాట ఇంకెప్పుడూ ఎత్తదు. కుట్టు వేసినంత గట్టిగా అనుకుంది. అనుకుని, రావాలి, రావాలి, అని లోపల్లోపల బతిమాలుకుంటూనే ఉంది. ఎవరిని బతిమాలుతోందో ఆమెకే తెలియదు.

తర్వాత అటు నుంచి ఫోను రాలేదు. ఇటు నుంచి ఎవరూ చేయలేదు.

బేస్తవారం.

నంద్యాల స్టేషను ముందు ఆటోలు, నిద్రమొహాలు, టీ వాసన. జావేద్ ట్యూబును మెడలో వేసుకుని తిరుగుతున్నాడు. సాగనంపడానికి వచ్చిన మాబాషా ఇటుకలు తేలేదు గానీ చాప తెచ్చాడు. ఆర్షియా ఎటూ చూడకుండా కూర్చుంది. ఎటూ చూడకుండా కూర్చోవడమంటే గేటునే చూడటం.

రైలు వస్తోందని మైకు చెప్పింది.

ఒక ఆటో వచ్చింది. అతను కాదు. ఇంకొకటి వచ్చింది... కాదు. నాజ్నీన్ లేచి సంచి భుజానికి తగిలించుకుంది. పిల్లల ముందు ఏడవకూడదని పళ్లు బిగించింది. కూతురి చెయ్యి పట్టుకుంది.

అప్పుడు జావేద్ పరుగెత్తాడు.

ఖలీల్ పండగ చొక్కా వేసుకున్నాడు. ఆళ్లగడ్డ మొదటి బస్సులో నిలబడే వచ్చాడట. చొక్కా నలిగిపోయింది. పని లేని చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా నిలబడ్డాడు. కొడుకు ఒక చేతికి వేలాడాక కొంచెం తెరిపిన పడ్డాడు.

"ఒంట్లో బాగలేదాప్పా అని అడిగినాడు పుల్లయ్యన్న," అన్నాడు ఆమెతో. "బాగుంది, సముద్రానికి పోతాండా అని చెప్పినా."

"కంబం?"

"వాళ్లు లేపుకుంటారు." అది చెప్పేటప్పుడు అతని ముఖంలో ఆశ్చర్యం ఉంది. తను లేకుండా కూడా కంబం లేస్తుందని ఇప్పుడే తెలిసినట్టు.

ఆమెకు ఏడుపు వచ్చేసింది. దాచుకోలేదు. తుడుచుకోనూ లేదు.

"తిరిగొచ్చినాక..." అన్నాడు. ఆగాడు. "తిరిగొచ్చినాక ఆళ్లగడ్డకు అందరం పోదామా?"

ఆమె సంచి భుజం మార్చుకుంది.

"రేపు గూడా పనుంటాది గదా నీకు," అంది నాజ్నీన్.

"ఉంటాది."

"ఎల్లుండి గూడా."

ఆమె అడుగుతున్నదేమిటో మొదటిసారి అర్థమైన మనిషిలా తల ఊపాడు. చిన్నగా, ఒక్కసారే. అది ఒప్పుకోలో, భయమో.

రైలు వచ్చి ఆగింది. ముందు పిల్లల్ని ఎక్కించాడు. తర్వాత చాపను, ట్యూబును. తర్వాత తను ఎక్కి ఆమెకు చెయ్యి అందించాడు. ఆమె పట్టుకుని ఎక్కింది.

ఎక్కాక ఆ చెయ్యి ఎప్పుడు వదలాలో ఆమెకు తెలియలేదు.