తాడి ఉన్న చోటు

చేపల వేట నిషేధం మొదలై పడవలన్నీ ఒడ్డెక్కిన వారానికి సముద్రం తాడిచెట్టును పడగొట్టింది.

రుషికొండకు అవతల ఆ చిన్న పల్లెలో ఒడ్డున మిగిలిన చెట్టు అదొక్కటే. పోటు వచ్చినప్పుడల్లా కెరటాలు దాని మొదలు దగ్గర ఇసక తవ్వుకుపోయేవి. ఆడవాళ్లు గోనెసంచుల్లో ఇసక నింపి చుట్టూ పేర్చారు. ఆ సంచులూ పోయాయి. ఒకనాటి మధ్యాహ్నం చెట్టు మెల్లగా వాలి, వేళ్లతో సహా నీళ్లలో పడుకుంది. గంగాలమ్మ గట్టున నిలబడి చూసి, ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చింది.

మిగతావాళ్లకు అది ఉత్త చెట్టు. గంగాలమ్మ ఇంటికి మాత్రం గుర్తు. సముద్రం అడుగున చేపలు చేరే రాళ్లదిబ్బను పారు అంటారు. పడవ మీంచి ఒడ్డుకేసి గుర్తులు చూసుకుని పారు ఎక్కడుందో పట్టుకుంటారు. ఏ ఇంటి పారు ఆ ఇంటిది. తండ్రి కొడుక్కి పడవ మీదే గుర్తు చెబుతాడు. పక్క పడవవాడికి చెప్పడు, ఆడదానికి అసలే చెప్పడు. గంగాలమ్మ మొగుడు సూరన్న మాత్రం తాగిన పూట నోరు జారేవాడు.

"ఆ తాడి ఉన్నన్నాల్లు మనకి కూటికి లోటు నేదే!"

ఆమెకు తెలిసింది అంతే. సూరన్న పోయాక పారు కొడుకు వరహాలుకు వచ్చింది. వేట లేని ఆ రోజుల్లో వరహాలు గాజువాకలో ఉండి, స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళుతున్నాడు.

చెట్టు పోయిన కొన్నాళ్లకు జీపులో సోలారు దీపం వచ్చింది. దాన్ని తెచ్చిన కుర్ర ఆఫీసరు ఉదయ్‌కుమార్ ఆడవాళ్లను కూర్చోబెట్టి చెప్పాడు.

"బొగ్గు మండించి కరెంటు తీస్తున్నాం కదమ్మా. ఆ పొగకి భూమి వేడెక్కుతుంది, సముద్రం పైకొస్తుంది. ఈ దీపానికి బొగ్గు అక్కర్లేదు, ఎండ చాలు."

"అయితే ఇదెడితే సంద్రం ఎనక్కెలిపోద్దా బాబూ?" అంది పక్కింటి జోగమ్మ.

"ఒక్క దీపానికి వెళ్లదమ్మా."

"ఎల్లదంట! మన మొకాలు మనకి సూపిత్తాది, అంతే."

అందరూ నవ్వారు. దీపం స్తంభం ఎక్కడ పాతాలని అతనడిగితే గంగాలమ్మ లేచింది.

"తాడి సోట ఎట్టండి."

"అక్కడిప్పుడు నీళ్లున్నాయి కదమ్మా."

ఆమె తాడి పడిన చోటికి ఎదురుగా వెళ్లి, సముద్రానికి వీపు పెట్టి, గట్టినేల తగిలేదాకా తిన్నగా నడిచి ఆగింది.

"ఇక్కడ. తాడికి ఎనకే గదా."

"తాడిసెట్టుకి తద్దినవెడతన్నావేటే గంగాలూ?" అంది జోగమ్మ. గంగాలమ్మ కాలితో అక్కడ నేల మీద గీత గీసింది. ఎందుకో చెబితే ఇంటి గుర్తు బయటపడుతుంది. చేపలు ఏరుకోవడానికి ఆ చోటు అందరికీ వీలుగానే ఉంది. దీపం అక్కడే పాతారు.

నిషేధం ముగిసే ముందు సాయంత్రం వరహాలు వచ్చాడు. ఒడ్డు చూసి మొహం పాలిపోయింది.

"తాడేదమ్మా?"

ఆమె చెయ్యి పట్టుకుని దీపం దగ్గరికి తీసుకెళ్లింది. "బెంగెట్టుకోకు. దాని ఎనకే ఇదెట్టించీసినాను."

వరహాలు నీళ్లకేసి చూశాడు, దీపంకేసి చూశాడు. ఒడ్డు తీరే మారిపోయింది. చెట్టు ఎక్కడుండేదో పోల్చుకోవడం అతని వల్ల కాలేదు.

"సరిగ్గా ఎనకేనా?"

"నా కల్లతో సూసి నడిసినాన్రా."

అప్పుడు నవ్వాడు. "అయితే తెల్లారకముందే పారు దొరుకుద్ది. నానకి కూడా ఇంత సుకం నేదు."

మర్నాడు కోడి కూసే వేళకు బావ ఎల్లారావును తీసుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికి ఇంకెవరిదో పడవ ఎల్లారావును ఒక్కణ్నే తెచ్చింది. రేవుకు బొగ్గు తెస్తున్న ఓడ పడవను గుద్దేసిందన్నారు. వరహాలు శవం కూడా దొరకలేదు.

కర్మ అయ్యాక గంగాలమ్మ ఎల్లారావును ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఓడల దారికి ఆడెందుకెల్లాడు?"

"మంచు కమ్మీసిందత్తా. దారి కనబడనేదు."

"ఈ ఎండల్లో మంచేటిరా? నాకు నిజం సెప్పు."

ఎల్లారావు గుమ్మంకేసి చూసి గొంతు తగ్గించాడు.

"'దీపం కొండ మెడ కిందకొచ్చీసింది, లంగరెయ్యి బావా' అన్నాడు. ఏసినాను. మోకు దిగతానే ఉంది. ఎప్పుడూ అంత దిగదు. లోతెక్కువున్నాదిరా అన్నాను. 'మా యమ్మ సూసి ఎట్టించింది, ఇదే సోటు' అన్నాడు."

"కొండ మెడేటి?"

"గుర్తంటే రెండుండాలత్తా. ముందొకటి, ఎనకొకటి. ముందు మీ తాడి, ఎనక కొండ మెడ, ఆ రెండు గుట్టల మద్దె పల్లం. రెండూ ఒక వరసలోకొచ్చిన కాడ పారు. ఆ వరస ఒడ్డుకి ఏటవాలుగుంటాది. నువ్వు తిన్నగా ఎనక్కి నడిసినావు. దీపం పక్కకొచ్చీసింది. ఇక్కడ కొద్దిగే. అక్కడికెల్లీసరికి ఓడల దారిలోకి తోసీసింది."

ఆమె లేచి గుమ్మం పట్టుకుని ఊరి వెనక కొండకేసి చూసింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న కొండ. మెడ ఎక్కడుందో ఆమెకు ఇప్పుడే కనబడింది.

"ఎవలికైనా సెప్పినావా?"

"నేదు."

"అందరికీ సెప్పు. ఆ దీపం సూసి ఎవుడూ లంగరెయ్యకూడదు."

"సెప్తే పారు ఊరందరిదీ అయిపోద్దత్తా."

"అవనీ. దాన్ని సరైన సోటుకి మార్పించీమను."

"మార్చినా ఎన్నాల్లుంటాది? తాడిని తిన్నది దీన్ని తినదేటి?"

ఆమె బుట్ట అందుకుని ఒడ్డుకు నడిచింది.

చీకటి పడుతుండగా దీపం దానంతటదే వెలిగింది. పడవలు తెచ్చిన నెత్తళ్ల చేపలను బుట్టలతో మోసుకొచ్చి ఆడవాళ్లు దాని కింద కుమ్మరించారు. గంగాలమ్మను చూసి జోగమ్మ కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.

గంగాలమ్మ దీపానికి వీపు పెట్టి కూర్చుంది. తన నీడ చేపల మీద పడి మంచిదేదో కుళ్లిందేదో కనబడలేదు. కాసేపు చేతులతో తడిమి, మళ్లీ దీపంకేసి తిరిగి కూర్చుంది.