తిలకధారియైన యంత్రశకటము

వర్షర్తువు తన మేఘపరివారమును వెంటబెట్టుకొని తూర్పుకొండల కావలికి తరలిపోగా శరత్కాలలక్ష్మి నాగావళీసైకతముల నధిష్ఠించిన దినములవి. తీరమున రెల్లుపూవులు విరియబూచి పిల్లగాలికి తలలూపుచుండెను; పొట్టకు వచ్చిన వరిచేలు బాలభానుకిరణస్పర్శచే తళతళలాడుచుండెను; రాత్రి కురిసిన మంచుబిందువులు గరికకొనల నింకను వీడకుండెను. అట్టి ప్రభాతసమయమున రెల్లిగెడ్డ గ్రామమందలి ప్రాథమికపాఠశాల కడిగిన ముత్యమువలె శుభ్రమై చూతపల్లవతోరణాలంకృతద్వారమై యొక యతిథి రాకకై యెదురుచూచుచుండెను.

ఆ యతిథి విద్యాశాఖా పర్యవేక్షకురాలగు హేమలతాదేవి. ఆమె రాక యూరక గాదు. గడచిన శ్రావణమాసమున నా పాఠశాలకు నొక పెద్ద పెట్టె విద్యాశాఖనుండి తాత్కాలికముగా వచ్చియుండెను. అందు ఒకదానికొకటి యతుకు రంగురంగుల బిళ్ళలును చిఱుచక్రములును తీగలును బ్యాటరీలును మోటారులును గలవు. పిల్లలు వానిని తమ యిచ్చవచ్చినట్లు కూర్చి బండ్లు చేయవచ్చును. చేసిన బండ్లకు మోటారులు తగిలించి తమంత తాము నడచునట్లు చేయవచ్చును. అయితే యిరువదిముగ్గురు మాత్రమే చదువుకొను రెల్లిగెడ్డకన్న మున్నూరుమంది చదువుకొను పట్టణపాఠశాలకే యది తగియుండునని యెవ్వరో పైవారి చెవిని వేసిరి. కావున పెట్టె యిచ్చటనే నిలుచునో బండియెక్కి పట్టణమునకు బోవునో యా దినమున హేమలతాదేవి నోటిమాటచే తేలవలసియుండెను.

ఆ పెట్టె రాకపూర్వము విజ్ఞానశాస్త్రమనగా నా బాలబాలికలకు వల్లెవేసి నిదురించుటకు దగిన పాఠము. బలమనగా నేమియని యడిగిన నిరువదిముగ్గురును నొక్కగొంతుకతో జవాబు చెప్పెడివారు. ఆ జవాబున కర్థమేమియని యడిగిన నిరువదిముగ్గురును నొక్కమాఱే నేలచూపులు చూచెడివారు. అయిదవతరగతి చదువు నూకరత్నమను బాలిక యా పాఠమున్న దినమున కడుపునొప్పియని యింటిపట్టుననే యుండెడిది. పెట్టె వచ్చిన పిమ్మట నా కడుపునొప్పి యేమైపోయెనో ధన్వంతరియైనను చెప్పజాలడు. ఆ పిల్ల బడిగంటకు ముందే వచ్చి తలుపు తీయువారికై గుమ్మముకడ కాచుకొనియుండ సాగెను. ఈ మార్పునకు మూలకారణమైన యుపాధ్యాయిని సుభాషిణి వారికి నొక్కటే నియమము నేర్పెను. బండి చెడినప్పుడు దాని నంతయు నూడబెఱికి కుప్పవేయరాదు. ఒక్కమాఱున కొక్కదానినే మార్చి యేమగునో చూడవలెను.

ఇక ప్రధానోపాధ్యాయుడగు జోగినాయుడు సాధుస్వభావుడు, పిల్లలన్న ప్రాణమిచ్చువాడు. అయినను ఆయన కొక యలవాటు గలదు. బడికి క్రొత్తవస్తువేది వచ్చినను అది నల్లబల్లయే కానిండు నీళ్ళకుండయే కానిండు గంధమలది కుంకుమ దిద్దనిదే దానిని వాడుకకు బెట్టనిచ్చువాడు గాడు. పెట్టె వచ్చిననాడు పెట్టెకు బొట్టు పెట్టెను. పిల్లలు నెలదినములు శ్రమపడి నిన్న సాయంకాలమున పూర్తిచేసిన చిన్న బండికి మాత్రము బొట్టు లేకుండెను. అతిథి వచ్చు దినమున నట్టి లోపమెట్లు సహించును? ఆయన యందఱికన్న ముందుగా వచ్చి గంధము చిక్కగా తీసి బండికి ముఖమెక్కడనని వెదకి ముందుతట్టున జంటగా మెఱయు రెండు పూసలను గాంచి కన్నులున్నచోటే ముఖమని నిశ్చయించెను. భక్తి పొంగెనో చేయి వడకెనో గాని యా పూసలు రెండును గంధమున మునిగిపోయెను. దానిపై నెఱ్ఱని కుంకుమ దిద్ది ఆయన సంతుష్టాంతరంగుడై చేతులు కడుగుకొనెను.

పాపము! ఆ పూసలు నిజముగనే బండికి కన్నులు. వానిలో నొకటి మన కంటికి గానరాని వెలుగును చిమ్మును. ఎదుట నేదైన నడ్డమున్నచో నా వెలుగు దానికి తగిలి మఱలిరాగా రెండవది గ్రహించును. అడ్డము కొంత దూరమున నున్నచో బండి నిలుచును. మిక్కిలి చేరువనున్నచో వెనుకకు నడచును. సుద్దముక్కలపెట్టెను వీపున మోసికొని గుమ్మమునుండి యెదుటిగోడ వఱకు బోయి గోడను గ్రుద్దుకొనక నిలుచుట యా బండి నేర్చిన విద్య.

హేమలతాదేవి వచ్చి కుర్చీలో కూర్చుండెను. నూకరత్నము బండిని గుమ్మముకడ నుంచి మీట నొక్కెను. బండి గురగురలాడి ముందునకు బోక వెనుకకు నడచెను! బాలిక దానిని మఱల యథాస్థానమున నిలిపి మీట నొక్కెను. మఱల వెనుకకే. అధికారులను జూచి జంకు గుమాస్తావలె నది గుమ్మము దాటి వసారాలోనికి బోయెను.

“దీనికి ముందునకు నడచుట రాదా?” యని హేమలతాదేవి ప్రశ్నించి చేతిగడియారము చూచుకొనెను.

నెలదినముల శ్రమయు నిరువదిమూడు ముఖముల వెలుగును నొక్క నిమిషమున నీరుగాఱిపోవుచుండుట జూచి సుభాషిణి తటాలున బండికై చేయి సాచెను.

“మీరు వలదమ్మా, చేసినవారినే చూడనిండు,” అని హేమలతాదేవి వారించెను.

సుభాషిణి చేయి వెనుకకు దీసికొని కొంగు నలుపుకొనుచు నిలుచుండెను. సింహాద్రియను బాలుడు తొందరపడి చక్రము లూడదీయ బోగా నూకరత్నము వాని చేయి పట్టుకొనెను.

“ఆగరా! ఒక్కొక్కటే చూతము. చక్రములు తిరుగుచున్నవి గదా, బ్యాటరీ మంచిదే.”

పిదప తీగ మార్చి చూచిరి. బండి వెనుకకే నడచెను. తీగ దోషము గాదు. గోడవైపు నుండి త్రిప్పి యెవ్వరును లేని యాటస్థలమువైపు నిలిపిరి. అప్పుడును వెనుకకే నడచెను. నూకరత్నము నొసలు ముడిచి తనలో దాననుకొనినట్లు “ఎదుట గోడ లేదు, మనిషి లేడు. అయినను దీనికేదో కనబడుచున్నది,” అని నేలపై చెంప యానించి బండి ముఖములోనికి తేఱిపాఱ జూచెను. చూచి చేయి యెత్తెను. ఎత్తిన చేయి నట్లే నిలిపెను. పెద్దలు పెట్టిన బొట్టును చెఱపుట యా యూర నెఱుగని పని. ఆ పిల్ల మెల్లగా లేచి జోగినాయునివైపు తిరిగెను.

“మాస్టారూ, దీని కన్నులమీద గంధమున్నదండీ. వెలుగు బయటికి పోకమునుపే గంధమునకు తగిలి తిరిగి వచ్చుచున్నది. ముక్కునకే గోడ యున్నదని బండి భయపడుచున్నది. బొట్టు మీరు పెట్టినది గదా, నేను తుడువవచ్చునా?”

ముప్పదియేండ్లుగా తప్పొప్పులు తాను చెప్పుటయే గాని యితరులచే వినియెఱుగని జోగినాయుని ముఖము కందిపోయెను. ఆయన మోకాళ్ళ నొప్పిని లెక్కసేయక నేలపై చతికిలబడి కండువాకొన నీటిలో దడిపి యా రెండు పూసలను తన చేతులతో దానే శుభ్రముగా తుడిచి అతిథివైపు తిరిగెను.

“అమ్మా, పొరపాటు నాది. పిల్లలది కాదు.”

నూకరత్నము బండిని మఱల గుమ్మముకడ నుంచి మీట నొక్కెను. బండి గురగురలాడి సుద్దముక్కలపెట్టెతో నేరుగా ముందునకు సాగి గోడకు జానెడు దూరమున బుద్ధిగా నిలిచెను. పిల్లల కేకలకు బడి కప్పెగిరిపోవునట్లయ్యెను. సుభాషిణికి నవ్వును నేడుపును నొక్కసారిగ వచ్చెను. ఆమె రెండింటిలో దేనిని నాపుకొనలేకపోయెను.

హేమలతాదేవి బాలికను దగ్గఱకు బిలిచెను. “గంధము సంగతి నీకెవరు చెప్పిరమ్మా?”

“ఎవరును చెప్పలేదండీ. అడుగగా అడుగగా బండియే చెప్పినది.”

ఆమె చిఱునవ్వు నవ్వి సుభాషిణితో నిట్లనెను. “ఇది మొదటనే నడచియున్నచో నేను చేతులు చఱచి పెట్టెను పట్టణమునకే పంపియుందును. పిల్లలు దానిని బాగుచేయుట జూచితిని. పెట్టె యిచ్చటనే యుండును. పట్టణమువారికి వేఱొకటి తెప్పించెదము.”

ఆ మాట చెవినిబడగానే సుభాషిణి గోడకు చేరగిలబడెను. అతిథి వెడలిపోయెను, పిల్లలు బండిచుట్టు మూగిరి. జోగినాయుడు మాత్రము తడిసిన కండువా పిండుకొనుచు నెవ్వరి కన్నులలోనికిని చూడలేక యొకమూల నిలుచుండెను. నూకరత్నము బండిని రెండుచేతుల నెత్తుకొని కుంకుమభరిణె చంక నిఱికించుకొని ఆయన కడకు వచ్చెను.

“మాస్టారూ, బొట్టు లేక మా బండి బోసిగా నున్నదండీ. వెనుకతట్టున పెట్టుడు. అచ్చట దానికి కన్నులు లేవు.”

ఆయన కన్నులు చెమర్చెను. శిష్యురాలు వ్రేలితో చూపినచోట గురువు వంగి బొట్టు పెట్టెను. పెద్దవాడు తన పొరపాటు నొప్పుకొనుటకు సిగ్గుపడని చోటనే విద్య నిలుచును; రెల్లిగెడ్డ బడిలో నిజమైన విద్యారంభము నాడే జరిగెనన్న తప్పు గాదు.