పిరం

అల్లం మూటను ఒక్క చేత్తో ఎత్తి ఎన్ని కిలోలో చెప్పేస్తాడు రామ్‌కిషన్. జహీరాబాద్ మార్కెట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. నోటిమాట ఎంత బరువో మాత్రం ఆ పెద్దమనిషికి యాభై ఏళ్లొచ్చినా తెలియలేదు. థైరాయిడ్ పరీక్షలకు పట్నం దవాఖానకు పోదామని భార్య స్వప్న అడిగిన రోజున, సరుకు అమ్ముడుపోని చికాకులో, ధర మండే సరుకును అన్నట్టు, "నువ్వు నాకు శాన పిరం పడుతున్నవ్" అన్నాడు. ఎంత మాట! ఆమె ఏడవలేదు, అరవలేదు. సంచి సర్దుకుని రాయికోడ్‌లో తమ్ముడు మల్లేశ్ ఇంటికి వెళ్లిపోయింది. పరీక్షలు మల్లేశే చేయించాడు.

నాలుగు నెలలైంది. ఫోన్ ఎత్తదు. పొద్దున టీ పెట్టుకుంటే రామ్‌కిషన్ ఇప్పటికీ రెండు గ్లాసుల నీళ్లు పోస్తాడు. ఒకటి తాగి, రెండోది చల్లారేదాకా చూస్తూ కూర్చుంటాడు. బెంగతో మనిషి సగమయ్యాడు.

ముంబై కంపెనీవాళ్లు ధరలన్నీ ఇంగ్లీషులో రాసి పంపుతున్నారని, బస్టాండు దగ్గర సబ్రీన్ టీచర్ క్లాసులో చేరాడు. డిస్కౌంట్, బార్గెయిన్, ఫిక్స్‌డ్ ప్రైస్ దాకా బాగానే సాగింది. గురువారం ఆమె బోర్డు మీద 'డియర్' అని రాసింది.

"డియర్ అంటే పిరం," అంది.

"గదేంది మేడం? చిట్టీల మీద మస్తు ప్రేమగ డియర్ అని రాస్తరు గద?"

"రెండూ గదే మాట, సాబ్. ధర ఎక్కువున్నా డియరే, ప్రేమ ఎక్కువున్నా డియరే. మీ తెలుగుల ప్రియం లేదా? గా ప్రియమే మన నోట్ల పడి పిరమైంది."

రామ్‌కిషన్ పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. క్లాసు సగంలోనే లేచి రాయికోడ్ బస్సెక్కాడు.

స్వప్న వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బాగా చిక్కింది. అతను వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"స్వప్నా, నువ్వు నాకు పిరం."

"గా మాట ఆనాడే చెప్పినవ్ గద. మళ్ల చెప్పనీకి టికెట్ పెట్టుకొని వచ్చినవా?"

"కాదే. ఆనాడు నాకు దాని అర్థమే తెల్వది. పిరమంటే ప్రియమంట. ఇయ్యాలనే నేర్చుకున్న. నువ్వు లేక తినబుద్ధి గాదు, పండబుద్ధి గాదు. రా, ఇంటికి పోదాం."

ఆమె చేతిలోని గింజలు పక్కన పెట్టింది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"ధర ఏమన్న తగ్గుతదేమో అడగనీకి వచ్చినవా?"

"బేరమే ఆడ. ఫిక్స్‌డ్ ప్రైస్."

"మరి పిరమైన సరుకు ఒక్క తిరుగుడుకే దొరుకుతదా? ఇయ్యాల పో. సోమారం మళ్ల పట్నం దవాఖానల చూపిచ్చుకునేదుంది. నువ్వే వచ్చి తోల్కపో."

తిరుగు బస్సులో రామ్‌కిషన్ వేళ్లు మడిచి చూసుకున్నాడు. సోమవారానికి ఇంకా నాలుగు రోజులు. నాలుగు నెలలు ఓర్చుకున్న మనిషికి ఆ నాలుగు రోజులు ఎట్లా ఓర్చుకోవాలో తెలియలేదు.