పాత కార్డులో మూడో ముఖం

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కవరును భీమరాజు వెంటనే చింపలేదు. తిప్పి చూశాడు. అతికించిన చోట గోరుతో గీరి చూశాడు. ఇరవై రెండేళ్ళు కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో బస్తాలు తూకం వేయించిన మనిషి. పైన ముద్ర బాగున్నంత మాత్రాన లోపల సరుకు బాగుంటుందన్న నమ్మకం ఆయనకు ఎప్పుడో పోయింది.

అందరితోపాటు వాలంటరీ రిటైర్మెంటు తీసుకుని, రావులపాలెం పక్కనున్న సొంతూరికి వచ్చి అప్పటికి నాలుగు రోజులు. ఉత్తరంలో ఉన్నది చిన్న సంగతే. ఉద్యోగం వదిలినా, ఏడాదికింత అని కడితే భార్యాభర్తలిద్దరికీ కంపెనీ వైద్యం కార్డు నడుస్తుంది. ముప్పై రోజుల్లోపు ఫారం నింపి, పాత కార్డు అప్పగించాలి. ఆ గడువు దాటితే ఇక లేదు.

ఆయన భార్య చిన్నమ్మాయికి గుండెలో కవాటం సన్నబడింది. ఈ ఏడు దాటకుండా ఆపరేషన్ చేయించాలని డాక్టరు చెప్పాడు. కార్డు ఉంటే ఖర్చు కంపెనీది. లేకపోతే ఉన్న అరెకరం అరటితోట అమ్మినా సరిపోదు.

అయినా ఫారం ట్రంకుపెట్టె అడుక్కి పోయింది. దానికి కారణం ఆరో గడి. ‘పాత కార్డులో ఉండి, ఇప్పుడు తొలగించవలసినవారి పేరు, బంధుత్వం.’

పాత కార్డులో మూడో మనిషి ఉంది. రత్తమ్మ, తల్లి.

రత్తమ్మ ఆయన తల్లి కాదు, మేనత్త. కన్నతల్లి ఆయనకు మూడో ఏటనే పోతే ఎత్తుకుని పెంచింది. పెద్దయ్యాక తన కూతురు చిన్నమ్మాయినే ఇచ్చి చేసింది. కంపెనీ కార్డులో సొంత తల్లిదండ్రులను రాయించుకోవచ్చు గాని, అత్తమామలకు చోటు లేదు. ఉద్యోగంలో చేరిన రోజు గుమాస్తా ‘‘తల్లి?’’ అని అడిగితే భీమరాజు తడుముకోకుండా రత్తమ్మ పేరు చెప్పేశాడు. నోటికి వచ్చింది అదే. తరవాత ఆ కార్డు మీదే ఆమె రెండు కళ్ళకూ ఆపరేషన్లయ్యాయి. నాలుగేళ్ళ క్రితం పోయింది. ఆ మాట ఆయన ఆఫీసులో చెప్పనేలేదు.

అరటి గెలలు దింపడానికి రావులపాలెం మార్కెట్టుకు వెళ్ళినప్పుడు పోతురాజు కలిశాడు. తనతోపాటే ఫ్యాక్టరీ మానేసిన ఫిట్టరు.

‘‘పాత కార్డు వాళ్ళకెందుకు బావా, కూర ఒండుకుంటారా?’’ అన్నాడు పోతురాజు. ‘‘డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ జొరం బిళ్ళకి గంట నిలబెట్టినోళ్ళు, మానేశాక ఆపరేషన్లు చేయిస్తారంటే నమ్మమంటావా? అన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తున్నారంట. ఎవడెవడు దొంగపేర్లు రాయించాడో తీసి, గ్రాట్యుటీలో కోసేస్తారు.’’

‘‘ఎవరు చెప్పారు నీకు?’’

‘‘ఒకళ్ళు చెప్పాలా? తెలవట్లా?’’

భీమరాజు గెలల డబ్బు లెక్కపెట్టుకున్నాడు. ఇంటికొచ్చి, చిన్నమ్మాయి దొడ్లో ఉండగా పాత కార్డు తీశాడు. దాని మీది ఫోటోలో ముగ్గురూ ఉన్నారు. మధ్యలో రత్తమ్మ. ఆమెదీ చిన్నమ్మాయిదీ ఒకటే ముక్కు, గడ్డం మీద ఒకటే సొట్ట. పక్కన కోలముఖంతో తను. చూసినవాడెవడైనా ఎవరు ఎవరికి తల్లో ఇట్టే చెప్పేస్తాడు. ఇన్నేళ్ళూ ఎవరూ చూడలేదు, అంతే. బ్లేడు తీసుకుని మధ్య ముఖం కత్తిరించాడు. ముక్కను పారేయబోయి, చెయ్యి రాక చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఇరవై ఎనిమిదో రోజున చిన్నమ్మాయి అడిగింది. ‘‘ఏవండీ, ఆ కాయితం ఇచ్చొచ్చారా?’’

‘‘ఇంకా గడువుందిలే.’’

‘‘గడువుంటే చాలాండీ, నేనుండొద్దూ?’’

ఆ మాట అని ఆమె గుమ్మం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. ఇంతకుముందు ఆమె ఎప్పుడూ గుమ్మం పట్టుకునేది కాదు. భీమరాజు అది చూశాడు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కాకినాడ బస్సెక్కారు.

ఆఫీసులో అచ్చిబాబని కొత్త గుమాస్తా. ఎదురుగా కంప్యూటరు, దాని మీద పువ్వుల గుడ్డ. భీమరాజు ముందు ఆ గుడ్డనే చూశాడు. కప్పి ఉందంటే వాడటం లేదా, లేక చూడనివ్వకుండా కప్పారా?

అచ్చిబాబు ఫారం చదివాడు. కార్డు తిప్పాడు. ఫోటోలోని చిల్లులోంచి వేలు బయటికి వచ్చింది.

‘‘ఇదేంటండి?’’

‘‘ఎలకండి.’’

‘‘చదువుకున్న ఎలకండి. గీత గీసి కోసింది.’’ నవ్వలేదు. ‘‘కోసిన కార్డు తీసుకోకూడదండి. ఆ కోసిన ముక్క చూపిస్తే తీసుకుంటాను.’’

భీమరాజు చెయ్యి కదపలేదు. ఇస్తే దొరికిపోతాడు. ఇవ్వకపోతే చిన్నమ్మాయి కార్డు పోతుంది. ఆమె ఆయన వైపు చూడకుండానే, ‘‘జేబులో ఉందిగా, ఇవ్వండి,’’ అంది. చొక్కా ఉతికే మనిషికి ఏ జేబులో ఏముందో తెలియదా.

ముక్క బల్ల మీదికి వచ్చింది. అచ్చిబాబు దాన్ని చిల్లులో అమర్చి రత్తమ్మను చూశాడు. తలెత్తి చిన్నమ్మాయిని చూశాడు. భీమరాజును చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు.

‘‘మీ అమ్మగారికి అచ్చం మీ ఆవిడగారి పోలికేనండి.’’

బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు. భీమరాజు చూపు పువ్వుల గుడ్డ మీదికి పోయింది.

‘‘మేనరికమండి,’’ అన్నాడు.

అది నిజమే. ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

‘‘అలా చెప్పండి,’’ అని అచ్చిబాబు ఆరో గడిలో తనే ‘రత్తమ్మ, తల్లి, మరణించారు’ అని రాశాడు. డబ్బు తీసుకున్నాడు. రసీదు మీద ముద్ర గుద్దాడు. తరవాత కార్డు మీంచి ఫోటో మెల్లగా ఊడదీసి, ముక్కతో సహా చిన్నమ్మాయి చేతికిచ్చాడు.

‘‘కార్డు చాలండి మాకు. పెద్దావిడ ఫోటో ఫైల్లో పడుండటం ఎందుకు? పదిహేను రోజుల్లో కొత్త కార్డు వస్తుంది. ఆసుపత్రిలో ఈలోపు రసీదు చూపించండి.’’

తిరుగు బస్సు రామచంద్రపురం దాటాక భీమరాజు అడిగాడు.

‘‘కనిపెట్టాడంటావా?’’

‘‘కనిపెట్టాడండి.’’

‘‘మరి ముద్రెందుకు వేశాడు?’’

‘‘వేశాడుగా. ఇంకెందుకండి?’’

భీమరాజుకు అక్కడే ఏదో అడ్డుపడుతోంది. రసీదు తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. ముద్ర అసలుదో కాదో అని బొటనవేలు తడిచేసి రుద్దాడు. ఊదారంగు అంచు చెదిరి వేలికి అంటుకుంది.

‘‘చూశారా, అలికేశారు. ఇలా ఇవ్వండి.’’

చిన్నమ్మాయి రసీదు లాక్కుని, ఫోటోతో కలిపి మడిచి, తన చేతిసంచి అడుగున పెట్టుకుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని పైన రెండు చేతులూ వేసింది.

‘‘సోమవారం డాక్టరు దగ్గరికి వెడదాం,’’ అన్నాడు భీమరాజు, వేలి మీది రంగు చూసుకుంటూ. ‘‘రసీదు చెల్లుతుందో లేదో అక్కడే తేలుతుంది.’’